సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి?

తెలుగులో 'కూర్చుందామా' అనే మాటకు పొద్దున ఒక అర్థం, సాయంత్రం ఒక అర్థం. ఆరు దాటాక స్నేహితుడు ఫోన్ చేసి "ఇవాళ కూర్చుందామా?" అన్నాడంటే ఇక తేలాల్సినవి ఎక్కడ, ఎవరెవరు, ఏ బ్రాండు అన్నవే. దానికి 'సిట్టింగ్' అని పేరు కూడా పెట్టుకున్నాం. తాగుడు మానమని చెప్పేటప్పుడు డాక్టరు కాలేయం గురించి మాట్లాడతాడు. ఇంట్లోవాళ్లు డబ్బు గురించీ పరువు గురించీ మాట్లాడతారు. మానేశాక సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. మానినవాడికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న అది.

తాగుడు మానినవాళ్లు వారంవారం కలుసుకునే గ్రూపులు, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగుల వంటివి, ఏం చేస్తాయో అర్థం చేసుకోవడానికి అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. అయ్యప్ప మాల చూస్తే చాలు. రోజూ క్వార్టరు లేనిదే ముద్ద దిగని మనిషి కార్తీకంలో మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండటం తెలుగు ఊళ్లలో ఏటా కనిపించేదే. భక్తి అన్నది అందులో ఒక కారణం. మిగతా కారణాలను కూడా లెక్కపెట్టాలి. అతను ఒంటరిగా మానలేదు, అదే వీధిలో మరో పదిమంది మానారు. ముందు చాలాసార్లు మాల వేసిన గురుస్వామి ఒకరున్నారు, ఏ అనుమానం వచ్చినా ఆయన్ని అడగొచ్చు. రెండుపూటలా చన్నీళ్ల స్నానం, పూజ, సాయంత్రం ఎవరో ఒకరింట్లో పడిపూజ, భజన, భిక్ష ఉంటాయి. నల్లబట్టలు చూసి సిట్టింగ్ స్నేహితులు కూడా పిలవరు. నిన్నటిదాకా 'ఒరేయ్' అన్నవాడు ఇవాళ 'స్వామీ' అంటాడు. సాయంత్రం ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నకు 41 రోజులపాటు జవాబు దొరికింది.

మాల తీశాక ఇవన్నీ ఒకే రోజున పోతాయి. నలభై రెండో రోజు సాయంత్రం అతను మళ్లీ ఖాళీ. కొందరు తిరుగు ప్రయాణంలోనే మొదలుపెడతారు. ఊళ్లో దాన్ని 'భక్తి లేదు' అని తేల్చేస్తారు. నిజానికి అక్కడ ఓడింది భక్తి కాదు. ఏర్పాటు అయిపోయింది, అంతే. ఏఏ వంటి గ్రూపుల్ని నలభై రెండో రోజు నుంచి మొదలయ్యే ఏర్పాటుగా చూస్తే వాటి చాలా నియమాలకు అర్థం తెలుస్తుంది.

ఆ నియమాలు పుట్టిన తీరు ఆసక్తికరమైనది. 1935 మేలో న్యూయార్కు వ్యాపారి బిల్ విల్సన్ ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ పట్టణానికి వ్యాపార పని మీద వెళ్లాడు. అప్పటికి కొన్ని నెలలుగా తాగడం లేదు. పని చెడింది. హోటలు లాబీలో ఒకవైపు బార్ చప్పుడు వినిపిస్తోంది, మరోవైపు టెలిఫోన్ ఉంది. ఆయన బార్‌లోకి వెళ్లకుండా స్థానిక చర్చిలకు ఫోన్లు చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలన్నది ఆయన కోరిక. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జను. పదిహేను నిమిషాలు మాత్రం కూర్చుంటానని వచ్చిన డాక్టరు రాత్రి పొద్దుపోయేదాకా లేవలేదు. అయితే కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కొద్ది వారాలకే డాక్టరు ఒక వైద్యుల సమావేశానికి వెళ్లి తెగతాగి వచ్చాడు. ఆయన చివరిసారి తాగింది 1935 జూన్ 10న. ఏఏ ఆ తేదీనే తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకుంటుంది.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. విల్సన్ ఫోన్ చేసింది ఇంకొకరిని బాగుచేయడానికి కాదు, ఆ సాయంత్రం తాను తాగకుండా ఉండటానికి. మాట్లాడటం వల్ల వినేవాడికంటే ముందు మాట్లాడినవాడు నిలబడతాడన్న ఈ కనుగోలు మీదే మొత్తం వ్యవస్థ నడుస్తోంది. అందుకే అక్కడ డాక్టరు, రోగి అన్న తేడా ఉండదు. పదేళ్లు దాటినవాడికి కూడా నిన్న వచ్చినవాడు కావాలి. 1957లో ఏఏ మన దేశంలో మొదలైంది. తొలి గ్రూపులు ఇంగ్లీషు మాట్లాడే నగరవాసుల మధ్య పుట్టాయి. ఆ ఛాయ కొన్నిచోట్ల ఇప్పటికీ పోలేదు.

మీటింగులో ఏం జరుగుతుంది?

బయటివాళ్ల ఊహలో అదొక ప్రవచనమో, చీవాట్లు పెట్టే పంచాయితీయో. తీరా వెళ్తే ఒక గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు మానే దారిగా ఏఏ చెప్పే పన్నెండు మెట్ల చార్టు, ఫ్లాస్కులో టీ. గంట, గంటన్నర. నడిపించే మనిషి ఉంటాడు గానీ ఆయన కూడా వంతుల ప్రకారం వచ్చినవాడే. ముందు ఒక చిన్న పరిచయ వాక్యం చదువుతారు, కాసేపు మౌనం లేదా ప్రార్థన, తర్వాత ఒక్కొక్కరు మాట్లాడతారు. "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని" అని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఇంటిపేరు, కులం, ఉద్యోగం చెప్పక్కర్లేదు.

తెలుగు మీటింగుల్లో కూడా 'ఆల్కహాలిక్' అన్న ఇంగ్లీషు మాటనే ఉంచుకోవడం చూసి కొందరు నొసలు చిట్లిస్తారు. దానికి కారణం లేకపోలేదు. 'తాగుబోతు' అన్నది ఎదుటివాడు మన మీదికి విసిరే మాట. పెళ్లాం తిట్టులో, వీధి గొడవలో, సినిమా కామెడీలో నలిగి నలిగి ఉంది. దాన్ని మనిషి తనంతట తాను చెప్పుకోవడం కష్టం. చెప్పుకున్నా అది ఒప్పుకోలుగా కాక అవమానంగానే మిగులుతుంది. ఎవరూ అంతకుముందు తిట్టుగా వాడని మాటతో ఆ ఇబ్బంది లేదు.

మాట్లాడేటప్పుడు ఒక కట్టుబాటు ఉంటుంది. ఒకరు చెప్పినదానికి ఇంకొకరు జవాబు చెప్పకూడదు. "నువ్వు అలా చేసుండాల్సింది కాదు", "మా బావమరిది కూడా ఇంతే" వంటివి కుదరవు. ఎవరి వంతులో వారు తమ గురించే చెప్పుకోవాలి. రైల్లో పక్కసీటు మనిషికి మోకాళ్ల నొప్పి వైద్యం చెప్పకుండా ఉండలేని మన జాతికి ఇది కొంచెం కఠినమైన నియమమే. కానీ కొత్తవాడికి మేలు చేసేది ఇదే. కొన్నేళ్లుగా సలహాలు తప్ప మరేమీ వినని మనిషి, ఒక గంటసేపు సలహా లేకుండా కూర్చుంటాడు. ఇతరుల కథల్లో తన ఇంటి సంగతులు వింటాడు. బాత్రూంలో దాచిన సీసా, పిల్లల ఫీజు డబ్బు, పొద్దున పళ్లు తోముకునేటప్పుడు వచ్చే వాంతి, వణికే చేత్తో సంతకం పెట్టలేక బ్యాంకు నుంచి వెనక్కి రావడం. ఇవన్నీ తనకొక్కడికే జరిగాయని అనుకుని ఉంటాడు.

కొత్తవాడు మాట్లాడాలని ఎవరూ పట్టుబట్టరు. "ఇవాళ వింటాను" అంటే సరిపోతుంది. చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది. గది అద్దెకు, టీకి సభ్యులు తోచింది వేస్తారు, కొత్తవాళ్లు వేయక్కర్లేదు. ఏఏ బయటివాళ్ల చందాలు తీసుకోదు, ప్రభుత్వ గ్రాంటులూ తీసుకోదు. చేరడానికి ఫీజు లేదు, రిజిస్టరు లేదు. తాగుడు మానాలన్న కోరిక తప్ప మరే అర్హతా అడగరు. ఇది గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే ఇదే పేరు చెప్పి నెలకింత అని డబ్బు అడిగేవాళ్లు దొరికితే అది ఏఏ కాదని వెంటనే తెలిసిపోతుంది.

మన 'ఒట్టు'కూ గ్రూపు పద్ధతికీ ఉన్న తేడా ఇంకో ముఖ్యమైన విషయం. అమ్మ తల మీద చెయ్యి పెట్టో, గుళ్లో హారతి మీదో, దర్గాలో తాయెత్తు కట్టుకునో మనవాళ్లు వేసే ఒట్టు జన్మంతటికీ వర్తిస్తుంది. "జన్మలో ముట్టను." అంత పెద్ద మాట ఒకే ఒక్క సాయంత్రం తప్పితే మొత్తం కూలిపోతుంది. తప్పినవాడికి సిగ్గు, ఆ సిగ్గు మింగడానికి మళ్లీ మందు. గ్రూపు అడిగేది ఇరవై నాలుగ్గంటలు. ఈ ఒక్కరోజు తాగకు, రేపటి సంగతి రేపు చూద్దాం. తప్పితే, తప్పిన సంగతి వచ్చి చెప్పు, మళ్లీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టుకో. ఒట్టు తప్పినవాడు అమ్మ ముఖం చూడలేడు. ఇక్కడ తప్పినవాడి కుర్చీ అలాగే ఉంటుంది.

సరే, ఇదంతా వినడానికి బాగానే ఉంది, పనిచేస్తుందా? చాలాకాలం దీనికి గట్టి జవాబు లేదు. వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి తూచే కోక్రేన్ సంస్థ 2006లో చేసిన సమీక్ష తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలవని చెప్పింది. 2020లో అదే సంస్థ మళ్లీ చేసిన సమీక్షలో 27 అధ్యయనాలు, 10,565 మంది ఉన్నారు. ఏఏకు వెళ్లేలా పద్ధతిగా ప్రోత్సహించినవాళ్లలో ఏడాది తర్వాత పూర్తిగా తాగకుండా ఉన్నవాళ్లు 42 శాతం. ఇతర మానసిక చికిత్సలు పొందినవాళ్లలో 35 శాతం. ఈ అంకెల్ని రెండువైపులా చదవాలి. డబ్బు పుచ్చుకోని గ్రూపు, నిపుణుల చికిత్సకు సమానంగా, కొంచెం ఎక్కువగానే పనిచేసింది. అదే సమయంలో సగం కంటే ఎక్కువమంది ఆ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు తాగారు. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవి. ఒక ఊరి ఫలితాన్ని ఇంకో ఊరికి యథాతథంగా అతికించలేం.

అంకెల కంటే ఉపయోగపడే సంగతి, ఎలా పనిచేస్తుందన్నది. ఈ సమీక్ష రచయితల్లో ఒకరైన జాన్ కెల్లీ అంతకుముందు చేసిన పరిశోధనల్లో కనిపించినదేమిటంటే, మార్పు తెచ్చినవాటిలో పెద్ద వాటా స్నేహాలది. తాగే స్నేహితులు తగ్గడం, తాగని స్నేహితులు పెరగడం, నలుగురి మధ్య ఉండి కూడా తాగకుండా ఉండగలనన్న ధైర్యం రావడం. దేవుడి పాత్ర, మెట్ల పాత్ర లేవని కాదు. కానీ ముందు వచ్చేది కూర్చునే చోటు మారడం.

వెతుక్కోవడం, గుమ్మం దాటడం

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ, ఎయిమ్స్ కలిసి వెలువరించిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. అటు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది తాగుతామని చెప్పారు. తాగే ప్రతివాడూ బానిస కాడు. అయినా బెల్టు షాపు వీధి చివర ఉండి, గ్రూపు పొరుగు జిల్లాలో ఉండటమే మన పరిస్థితి.

గ్రూపు ఎక్కడుందో తెలుసుకునే దారుల్లో అన్నిటికంటే నమ్మదగింది ప్రభుత్వ బోధనాసుపత్రుల మానసిక వైద్య విభాగం. హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు మానసిక చికిత్సాలయాలు అందరికీ తెలిసినవే. 'పిచ్చాసుపత్రి' అన్న పాత పేరే చాలామందిని గేటు దగ్గర ఆపేస్తుంది. ఓపీ చీటీ తీసుకుని, తాగుడు మానినవాళ్ల మీటింగులు దగ్గర్లో ఎక్కడ జరుగుతాయో అడిగితే అక్కడి డాక్టర్లకో, సోషల్ వర్కర్లకో తెలిసే అవకాశం ఎక్కువ. ఏఏ ఇండియా వెబ్‌సైటులో ఊళ్లవారీగా సంప్రదించే నంబర్లు ఉంటాయి. ఆ నంబరు ఎత్తేది గుమాస్తా కాదు, తాగుడు మానిన మనిషే. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య సాయానికి టెలి మానస్ 14416 ఉచితం. టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. చేసేముందు ఏం చెప్పాలో తయారై ఉండక్కర్లేదు. "మా ఆయన తాగుతున్నాడు, మానడం లేదు" అన్న ఒక్క వాక్యంతో మొదలవుతాయి అలాంటి ఫోన్లు.

నంబరు దొరికాక కూడా గుమ్మం దాటడానికి మనిషికి నెలలు పడుతుంది. తెలుగు నేల మీద అడ్డుపడేవి ముఖ్యంగా మూడు. మొదటిది చోటు. చవకగా దొరుకుతాయని చాలా గ్రూపులు చర్చి ఆవరణల్లో, మిషన్ స్కూళ్లలో గదులు తీసుకుంటాయి. గేటు మీద సిలువ చూసి 'మతంలో కలిపేస్తారేమో' అని వెనక్కి తిరిగినవాళ్లున్నారు. ఏఏకు ఏ చర్చితోనూ సంబంధం లేదు. మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంది గానీ 'మనకు అర్థమైన రీతిలో' అన్న తోక కూడా ఉంది. వెంకన్న అయినా, అల్లా అయినా, దేవుడే వద్దనుకునేవాడికి ఆ గదిలో కూర్చున్న పదిమందే అయినా పైశక్తిగా సరిపోతుంది.

రెండోది ముఖాలు. అనామకత్వం అన్నది ఏక్రన్‌లోనూ ముంబయిలోనూ కుదిరే ఏర్పాటు. ఇరవై వేల జనాభా ఉన్న మండల కేంద్రంలో గదిలోకి అడుగుపెట్టగానే ఎదురుగా మీ అబ్బాయి లెక్కల మాస్టారు కూర్చుని ఉండొచ్చు. దీనికి తేలికైన పరిష్కారం లేదు. పొరుగు పట్టణానికి బస్సెక్కి వెళ్లడం కొందరు చేసే పని. వారానికి ఒక సాయంత్రం, బస్సు చార్జీ, ఇంట్లో చెప్పాల్సిన సాకు దానికయ్యే ఖర్చు. 2020 తర్వాత జూమ్ మీటింగులు విస్తరించాక ఈ ఇబ్బంది కొంత తగ్గింది. కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని వినొచ్చు. గల్ఫులో లేబర్ క్యాంపుల్లో ఉన్నవాళ్లకు, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి స్థానిక మీటింగులో ఇంగ్లీషులో మనసు విప్పలేని తెలుగువాళ్లకు ఇదొక దారి. తిట్టు, ఏడుపు, పశ్చాత్తాపం మాతృభాషలో తప్ప సరిగా రావు. అయితే ఫోన్ మీటింగు గది మీటింగుకు పూర్తి బదులు కాదు. మ్యూట్‌లో ఉన్నవాడి నోట్లో వాసన ఎవరికీ తెలియదు, మీటింగు అయ్యాక అతనితో కలిసి బస్టాండు దాకా నడిచేవాళ్లూ ఉండరు.

ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఆసుపత్రిలో డాక్టరుకు చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం రోగి హక్కు. గ్రూపులో చెప్పింది బయటికి పోకుండా ఉండేది మాత్రం ఒకరి మీద ఒకరికున్న నమ్మకం వల్లే. ప్రతి ఒక్కరి గుట్టూ మిగతావాళ్ల దగ్గర ఉంది కాబట్టి సాధారణంగా అది నిలుస్తుంది. పోలీసు కేసు దాకా వెళ్లగలిగే విషయాలు మాత్రం అందరిముందూ కాక లాయరుతో మాట్లాడుకోవడమే తెలివైన పని.

మూడో అడ్డు ఆడవాళ్లకు. కల్లు తాగే ఆడవాళ్లు తెలంగాణ పల్లెల్లో కొత్త కాదు, నగరాల్లో ఫ్లాటు తలుపులు వేసుకుని తాగేవాళ్లూ ఉన్నారు. అయినా పదిహేనుమంది మగవాళ్లున్న గదిలోకి ఒక ఆడమనిషి వెళ్లి తన పేరు చెప్పడమంటే మాటలు కాదు. ఆడవాళ్లకే ప్రత్యేకంగా జరిగే ఆన్‌లైన్ మీటింగులు ఇక్కడ అన్నిటికంటే పనికొచ్చేవి. మామూలు గ్రూపుకు వెళ్తే, ముందుగా ఫోన్ చేసి వేరే ఆడవాళ్లు వస్తారా అని అడగడంలో తప్పేం లేదు.

మొదటి మీటింగుకు ముందే చూసుకోవాల్సింది

రోజూ పొద్దున్నుంచే తాగే మనిషి ఉన్నట్టుండి మానడం ప్రాణం మీదికి రావొచ్చు. గ్రూపు గురించి రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తుంటారు, అది పొరపాటు. చివరి గ్లాసు తర్వాత ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నట్టు కనిపించడం, లేని మనుషులతో మాట్లాడటం, మంచం మీంచి లేచి పారిపోవడం. మాల వేసుకున్న మూడో రోజున ఇలా జరిగితే 'నియమం తప్పాడు, స్వామి ఆగ్రహం' అనేవాళ్లుంటారు. గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లేవాళ్లుంటారు. అది మెదడుకు అలవాటైన మద్యం ఒక్కసారిగా అందక వచ్చే వైద్య అత్యవసర స్థితి, 108కి ఫోన్ చేయాల్సిన సంగతి. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు ఒక్కసారిగా మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ ఓపీకి ఇలాంటివాళ్లు వరసకట్టారు.

ఆసుపత్రిలో దీనికి పద్ధతి ఉంది. వణుకును అదుపు చేసే మాత్రలు కొన్ని రోజులపాటు తగ్గిస్తూ ఇస్తారు, బి1 విటమిన్ అయిన థయామిన్ ఇంజెక్షన్లు ఇస్తారు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర 'నీరసంగా ఉన్నాడు' అని గ్లూకోజు బాటిల్ ఎక్కించే అలవాటు ఇక్కడ ప్రమాదకరం. ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఒంట్లో బి1 అడుగంటి ఉంటుంది, అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు ముప్పు పెరగొచ్చు. కల్లు కాంపౌండు అలవాటున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు విడిగా చెప్పాలి. కల్తీ కల్లులో కలిపే అల్ప్రాజోలం వంటి మత్తుమందుల లెక్క వేరు. అవి ఒక్కసారిగా ఆగినా ఇదే తీరులో ఫిట్స్ వస్తాయి.

ఇంకో ప్రమాదం గోడల మీద రాసే ప్రకటనల్లో ఉంది. 'తాగేవారికి తెలియకుండా మాన్పించబడును.' కూరలోనో మజ్జిగలోనో కలిపే పొడి. అలాంటి పొడుల్లో ఏముందో చెప్పేవాడుండడు. డైసల్ఫిరాం అనే అసలు మందు ఒకటుంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది, ప్రాణమూ పోవచ్చు. రోగికి అన్నీ చెప్పి, రక్తపరీక్షలు చేసి, అతను ఒప్పుకుంటేనే ఇవ్వాల్సిన మందు అది. మొగుడికి తెలియకుండా పెట్టిన భార్య చేతిలో అది విషమే అవుతుంది.

ప్రైవేటు 'డి-అడిక్షన్ సెంటర్'కూ గ్రూపుకూ తేడా తెలియక నష్టపోయేవాళ్లు తక్కువేం కాదు. రాత్రిపూట నలుగురు కుర్రాళ్లు వ్యానులో వచ్చి మనిషిని ఎత్తుకెళ్లి, తాళం వేసి, నెలకు వేలల్లో వసూలు చేసేవి కొన్ని ఉన్నాయి. 2017 చట్టం మద్యం వల్ల కలిగే మానసిక స్థితుల్ని కూడా తన పరిధిలోకి తీసుకుంది. అలాంటి సంస్థలు రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలి. నమోదు పత్రం చూపించమని అడగడం ఇంటివాళ్ల హక్కు. మంచి సంస్థలూ లేకపోలేదు. చెన్నైలో శాంతి రంగనాథన్ 1980లో మొదలుపెట్టిన టీటీకే ఆసుపత్రి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని వ్యసన చికిత్సా విభాగం సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లకు ఎప్పటినుంచో తెలిసిన చోట్లు.

గ్రూపులోనూ అన్నీ ఒప్పులే అనుకోనక్కర్లేదు. కొత్తవాడికి తోడుగా నిలిచే పాత సభ్యుణ్ణి స్పాన్సర్ అంటారు. గురుస్వామి లాంటివాడు, అయితే పాదనమస్కారాలు అక్కర్లేదు. కొందరు స్పాన్సర్లు హద్దు దాటి "మనోవ్యాధి మాత్రలు కూడా మత్తే, మానెయ్" అంటారు. అది వాళ్లకు సంబంధం లేని పని. సభ్యులెవరూ డాక్టరు వేషం వేయకూడదని ఏఏ తన కరపత్రంలోనే చెప్పుకుంది. అప్పులడిగేవాళ్లు, చీటీలు వేయించేవాళ్లు, కొత్తగా వచ్చిన ఆడవాళ్ల వెంటపడేవాళ్లు ఏ గుంపులో ఉన్నట్టే ఇక్కడా ఉంటారు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడాలి. ఒకే ఊళ్లో రెండు గ్రూపుల వాతావరణం పూర్తిగా వేరుగా ఉండొచ్చు. మొత్తంగా పన్నెండు మెట్ల భాషే పడనివాళ్లకు 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ వంటి పద్ధతులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆసుపత్రుల్లో డాక్టర్లు నడిపే గ్రూపు చికిత్సలూ ఉన్నాయి. నాలుగైదు మీటింగులైనా చూడకుండా 'ఇది నాకు కాదు' అని తేల్చుకోవడం మాత్రం తొందరపాటే. మొదటి మీటింగులో వినిపించేది సొంత గుండెచప్పుడే.

ఇక ఇంటివాళ్లు. నిజానికి గ్రూపు కోసం వెతికేది చాలాసార్లు తాగేవాడు కాదు, భార్య. తెలుగు ఆడవాళ్లకు మందు మీద పోరాటం కొత్త కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు రోసమ్మ ముందుండగా సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమమే 1993లో సారా నిషేధానికి, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికి దారితీసింది. 1997లో నిషేధం సడలింది. దుకాణం మూయించడానికి ఆడవాళ్లు ఊరంతా ఏకమైన నేలలో, మానిన మగవాళ్లు పదిమంది ఒకచోట కూర్చునే అలవాటు మాత్రం పుట్టలేదు. ఆ ఉద్యమపు రెండో సగం ఎవరూ రాయలేదనిపిస్తుంది.

భార్యాపిల్లలకు వేరే గ్రూపులున్నాయి. ఏఏ వ్యవస్థాపకుడి భార్య లోయిస్ విల్సన్ 1951లో మొదలుపెట్టిన ఆల్-అనాన్ తాగేవాళ్ల కుటుంబాలది. పిల్లలది ఆలటీన్. అక్కడ మొగుణ్ణి మాన్పించే చిట్కాలు చెప్పరు. అతని తాగుడికి కారణం నువ్వు కాదు, దాన్ని నువ్వు అదుపు చేయలేవు, నయం చేయనూ లేవు అంటారు. 'నీ నోరు మంచిదైతే వాడెందుకు తాగుతాడు' అని అత్తింట్లో విన్న మనిషికి ఆ మొదటి ముక్క ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు. భర్త మీటింగుకు వెళ్లినా వెళ్లకపోయినా ఆమె వెళ్లొచ్చు. రమ్మని అతన్ని పిలవాలంటే తాగి ఉన్న రాత్రి కాక, మర్నాడు పొద్దున తల పట్టుకుని కూర్చున్నప్పుడు అడగడం నయం. ఓపెన్ మీటింగులకు ఇంటివాళ్లు కూడా వెంట వెళ్లి వెనక వరసలో కూర్చోవచ్చు, క్లోజ్డ్ మీటింగులు తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. ఏది ఏదో ఫోన్‌లో ముందే అడిగి తెలుసుకోవాలి.

మీటింగు ఏడింటికి మొదలైతే ఎనిమిదిన్నరకు అయిపోతుంది. వైన్ షాపులు ఇంకా తెరిచే ఉంటాయి. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ గబగబా వెళ్లిపోరు. కుర్చీలు మడతపెట్టడం ఒక పది నిమిషాలు, బయట టీ కొట్టు దగ్గర ఇంకో అరగంట, అవసరమైతే కొత్తవాణ్ణి బండి మీద ఇంటి గుమ్మం దాకా దింపడం. వెళ్లేముందు ఒక కాగితం మీద మూడు ఫోన్ నంబర్లు రాసి అతని చొక్కా జేబులో పెడతారు. ఏ రాత్రయినా తాగాలనిపిస్తే, తాగకముందు చేయమని చెబుతారు.